తొమ్మిది వందల ఒక్క రూపాయి పత్తి ప్యాకెట్: ఒక సీజను వేసి చూశాక

2025 జూన్ మొదటి వారంలో ఎమ్మిగనూరులో విత్తనాల కొట్టుకి మా ఆయనతో పాటు నేనూ వెళ్ళాను. మామూలుగా ఆడవాళ్ళం వెళ్ళం. విత్తనం, మందు, ఎరువు మగవాళ్ళు తెస్తారు. నాటేది, కలుపు తీసేది, పత్తి తీసేది మేము. కొట్టాయన బల్ల మీద ఏడెనిమిది ప్యాకెట్లు పరిచాడు. అన్నిటి మీదా ఒకటే బొమ్మ: అరచెయ్యి, అందులో కోడిగుడ్డంత విచ్చిన కాయ. అన్నిటి ధరా ఒకటే, 475 గ్రాములకు 901 రూపాయలు. కేంద్రం కట్టిన ధర.

"దీనికి ఆకు మీద నూగు ఎట్లుంటాదన్నా?" అని అడిగాను.

"ఆకెందుకమ్మా, కాయ చూడు" అని నవ్వాడు.

సరే, కాయ చూసే కొన్నాం. నాలుగెకరాలకు ఎనిమిది ప్యాకెట్లు, 7,208 రూపాయలు. ఆకు సంగతి ఆగస్టులో తెలిసింది.

కంపెనీ పేరు, రకం పేరు రాయడం లేదు. భయపడి కాదు. మాది నల్లరేగడి, ఒక బోరు ఉంది. ఇదే రకం మా తోటికోడలు వాళ్ళు ఎర్రనేలలో వానమీద వేస్తే మాకొచ్చినదాంట్లో సగం కూడా రాలేదు. పేరు రాశానంటే మా నాలుగెకరాల మాట మీ చేని మాట అయిపోతుంది. పైగా బీజీ-2 హైబ్రిడ్లు, అంటే పురుగుని చంపే రెండు జన్యువులు చొప్పించిన బీటీ పత్తి సంకరాలు, బయట వందల పేర్లతో ఉన్నాయి గానీ, లోపల పురుగుని చంపే జన్యువులు దాదాపు అన్నిట్లో అవే రెండు: క్రై1ఏసీ, క్రై2ఏబీ. అవి కాయతొలిచే పురుగుల కోసం పెట్టినవి. పచ్చదోమ ఆగుతుందా, నల్లమచ్చ తెగులు వస్తుందా, కాయ ఎంత తూగుతుంది, పింజ (దూది పోగు) ఎంత పొడుగు, ఇవేవీ ఆ రెండిటి చేతిలో లేవు. ఆ గుణాలు హైబ్రిడ్‌కి దాని అమ్మానాన్నల నుంచి వస్తాయి. ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ తేడా వెతికితే అక్కడే వెతకాలి.

అమ్మానాన్నల సంగతి నాకెట్లా తెలుసంటే, నేను పుట్టింది తుంగభద్రకి అవతల, అయిజ దగ్గర. గద్వాల వైపు సీడ్ పత్తి, అంటే కంపెనీలకి విత్తనం కోసం పండించే పత్తి, తెలియని ఇల్లు ఉండదు. పదేళ్ళప్పుడు నేనూ క్రాసింగ్‌కి పోయినదాన్నే. అది పిల్లల పని కాదని ఇప్పుడు అందరికీ తెలుసు, అప్పుడు మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. మధ్యాహ్నం మూడు దాటాక ఆడ సాళ్ళలోకి, అంటే అమ్మ మొక్కల వరసల్లోకి దిగేవాళ్ళం. మర్నాడు విచ్చబోయే మొగ్గని కనిపెట్టాలి. దాని రేకులు గొట్టంలా బయటికి పొడుచుకొచ్చి, కొనలు ఇంకా మెలిపడే ఉంటాయి. మొగ్గ అడుగున బొటనవేలి గోరు దించి, చుట్టూ తిప్పి, రేకుల్నీ మగ కేసరాల్నీ కలిపి ఒక్క తొడుగులా ఊడలాగాలి. లోపల కీలం పచ్చిగా, అగ్గిపుల్లలా నిలబడి ఉంటుంది. గోరు కాస్త లోతుకు దిగితే పిందె రాలిపోతుంది. పైపైన లాగితే ఒకటో రెండో కేసరాలు మిగిలి, ఆ మొగ్గ తన పుప్పొడితో తనే కాయ కట్టేసుకుంటుంది. దాన్ని 'సెల్ఫ్' అనేవాళ్ళు. ఊడదీసిన మొగ్గకి గుర్తుగా ఎర్ర కాగితం తొడిగి, మర్నాడు తొమ్మిది పదింటికి మగ సాళ్ళ నుంచి పూలు తెచ్చి, ఒక్కో మగ పువ్వుని నాలుగైదు ఆడ పూలకి రాసేవాళ్ళం. సీజనంతా గోటి కింద పసుప్పచ్చ మరక పోయేది కాదు.

ప్రపంచంలో వాణిజ్యానికి వచ్చిన మొదటి పత్తి హైబ్రిడ్ మన దేశానిదేననీ, 1970లో సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ గారు తెచ్చిన హెచ్-4 అనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను. 1972లో ధార్వాడ్ నుంచి వరలక్ష్మి వచ్చింది. వేరే దేశాల్లో సూటి రకాలతో (క్రాసింగ్ అక్కర్లేని, గింజ దాచి మళ్ళీ వేసుకోగల రకాలతో) సేద్యం నడుస్తుంటే మన దగ్గరే హైబ్రిడ్లు ఇంతగా పాకడానికి కారణం ఏముంది, ఒక్కో మొగ్గ దగ్గర వంగడానికి చవగ్గా దొరికిన చేతులు.

ఇక ప్యాకెట్ సంగతి.

మొలక గురించి చెప్పడానికేం లేదు, బాగా లేచింది. ఖాళీలు పూడ్చడానికి సగం ప్యాకెట్ కూడా పట్టలేదు.

ప్యాకెట్ వెనక 'రసం పీల్చే పురుగులను తట్టుకునే శక్తి' అని రాసుంది. మొదటి నెల చూస్తే నూటికి నూరుపాళ్ళూ నిజమే. ఆకులు అద్దాల్లా ఉన్నాయి. మా ఆయన ఊరంతా చెప్పుకొచ్చాడు కూడా. కానీ ఆ నెల గొప్ప విత్తనానిది కాదు, విత్తనం మీది పూతది. కంపెనీలో పట్టించే ఇమిడాక్లోప్రిడ్ ముప్పై రోజులు, మహా అయితే నలభై రోజులు కాస్తుంది. అది దిగిపోయాకే విత్తనం అసలు రంగు బయటపడేది. కాబట్టి నెలలోపు పైరు చూసి 'సూపర్ వెరైటీ' అని రాసేవాళ్ళ మాట నేను లెక్కలోకి తీసుకోను.

ఆగస్టు రెండో వారంలో ఒక పొద్దున మా చేలోంచి ఒక ఆకు, గట్టు అవతల వాళ్ళ చేలోంచి ఒక ఆకు తుంచి తెచ్చుకున్నాను. పైనుంచి మూడో ఆకు. తిరగేసి ఎండకెదురుగా పట్టుకుంటే మా ఆకుకి ఈనెల వెంబడి సన్నటి నూగు, పిల్లి చెవి లోపల ఉన్నట్టు. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. వాళ్ళదేమో తమలపాకులా నున్నన. వాళ్ళ ఆకు అంచులు అప్పటికే పసుపెక్కి, కిందికి ముడుచుకుని గిన్నె బోర్లించినట్టున్నాయి. తిప్పగానే ఆకుపచ్చ దోమలు అడ్డంగా పరుగెత్తాయి. ఒక్క ఆకుకి అయిదారు ఉన్నాయి. మా ఆకుకి వెతికితే ఒకటి. పచ్చదోమ గుడ్లు ఆకు ఈనెల లోపల పెడుతుంది. నూగు దట్టంగా ఉంటే దానికి కుదురు దొరకదు. ఇందులో మందు మాయ ఏదీ లేదు, వెంట్రుక అడ్డం అంతే. పత్తిలో పచ్చదోమని తట్టుకునే రకం తయారుచేసేవాళ్ళు మొట్టమొదట చూసేది ఇదే. సెప్టెంబరు దాకా వాళ్ళు దోమకి మూడుసార్లు కొట్టారు, మేము ఒక్కసారి. ఒక్కసారి కొడితే మందు, కూలి, ట్యాంకు నీళ్ళు కలిపి ఎంతవుతుందో, సేద్యం చేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడిదాకా చదివి నూగాకు విత్తనం కోసం బయల్దేరకండి. సెప్టెంబరులో ఇరవై రోజులు వాన మొహం చాటేసింది. అప్పుడు దిగింది తెల్లదోమ. ముందు మా చేలోకే. నూగున్న ఆకంటే దానికి ఇష్టం, గుడ్లు పెట్టడానికి అదే అనువు. పచ్చదోమని ఆపిన వెంట్రుకే తెల్లదోమకి పరుపు వేసింది. గట్టు అవతల తమలపాకు చేలో మాకున్నంత లేదు. వేపనూనె రెండుసార్లు కొట్టాం, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టాం, తర్వాత పడిన వానకి తగ్గింది. ఒక గుణం పెంచితే ఇంకో గుణం దగ్గర జరిమానా కట్టించుకునే మొక్క ఇది. ప్యాకెట్ మీదేమో 'రసం పీల్చే పురుగులు' అని పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగు, పేనుబంక అన్నిటినీ ఒక్క మూటలో కట్టేస్తారు. ఏ దోమని తట్టుకుంటుందో విడివిడిగా రాయాలి.

తెల్లదోమ మాటొస్తే మా మామ కళ్ళు ఇప్పటికీ పెద్దవవుతాయి. ఎనభైల్లో ఈ పల్లెల నుంచి సుగ్గికి, అంటే కోతల కూలికి వలసగా, గుంటూరు వైపు పోయేవాళ్ళు, మామా పోయాడు. అప్పుడక్కడ ఎకరాలకెకరాలు ఎం.సి.యు-5 పత్తి రకం. తెల్లదోమ పడి, అది విసర్జించే తేనెబంక మీద మసి పట్టి, పత్తి తీస్తే దూది నల్లగా, జిగటగా వేళ్ళకి అంటుకునేదట. "బొగ్గుల కొట్టులో కూలికి పోయినట్టుండేది" అంటాడు. ఎక్కువ మందులు కొట్టినవాళ్ళ చేలల్లోనే ఎక్కువ పడిందని అప్పటి అనుభవం, మిత్రపురుగులు ముందు చచ్చాయి మరి. ఆ దెబ్బ తర్వాతే గుంటూరు లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) నుంచి తెల్లదోమని తట్టుకునే కాంచన రకం రైతులకి వచ్చింది. మా మామ మాత్రం తన చేలో చాలాకాలం వేసింది నంద్యాల వాళ్ళ నరసింహ. సూటి రకం, విత్తనం ఇంట్లోనే పెట్టుకునేవాడు. హైబ్రిడ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఈ ఏడు గింజ మళ్ళీ వేస్తే అమ్మ పోలికలు కొన్ని, నాన్న పోలికలు కొన్ని వచ్చి చేను తలోదారి పడుతుంది.

ఆగస్టు చివర పూత మొదలయ్యాక ఇంకోటి కనబడింది. సాళ్ళలో అక్కడక్కడ పొట్టి మొక్కలు, ఆకు చిన్నది, కణుపులు దగ్గర దగ్గర. నాలుగు సాళ్ళు నడిచి లెక్కపెడితే పదకొండు తేలాయి. రెఫ్యూజీ మొక్కలు కావచ్చు అన్నాడు మా ఆయన. ఇప్పటి ప్యాకెట్లలో నూటికి అయిదు నుంచి పది దాకా బీటీ కాని గింజలు కలిపే ఇస్తారు, పురుగు బీటీకి తొందరగా అలవాటు పడకుండా. ఇంతకుముందు 450 గ్రాముల ప్యాకెట్‌తో 120 గ్రాములది విడిగా ఇచ్చేవాళ్ళు, దాన్ని ఎవరూ గట్టు చుట్టూ వెయ్యలేదు, మేమూ వెయ్యలేదు. కానీ కలిపి ఇచ్చే గింజల మొక్కలు చూపుకి మిగతావాటిలానే ఉండాలి. ఈ పదకొండూ నాకు తెలిసిన మొహాలే, ఆడ సాళ్ళలో చూసినవి. సెల్ఫ్‌లు. ఎక్కడో ఏ సీడ్ చేలోనో ఎవరి గోరో పూర్తిగా దిగలేదు, సాయంత్రం అయిపోయి ఉంటుంది, లేదా వాన మొదలై ఉంటుంది. విత్తన స్వచ్ఛత పరీక్షలో ఇట్లాంటివి హద్దు దాటితే లాటు మొత్తం ఫెయిల్ అంటారు, పండించిన రైతుకి డబ్బు రాదు. మా లాటు హద్దులోపలే ఉండి ఉంటుంది. దుకాణానికి పోయి గొడవ పెట్టుకుందాం అన్నాడు మా ఆయన, నేనే వద్దన్నాను. రివ్యూ కాబట్టి చెప్పాలి, దీనికి అర మార్కు తగ్గిస్తున్నా. తగ్గించడం నాకిష్టం లేదు.

పురుగు సంగతి తొందరగా ముగిస్తా, మీ అందరికీ తెలిసిందే. శనగపచ్చ పురుగు మీద బీటీ ఇంకా పనిచేస్తోంది, మా చేలో దానికోసం మందు కొట్టలేదు. గులాబీ రంగు పురుగు మీద పనిచేయడం లేదు. బీటీ పత్తి 2002లో ఒక జన్యువుతో, 2006లో రెండు జన్యువులతో వచ్చింది. గులాబీ పురుగు రెండిటినీ దాటేసి పదేళ్ళు కావస్తోంది. అందుకే 'అన్ని కాయతొలిచే పురుగుల నుంచి రక్షణ' అన్న మాట కనబడితే నేను ఆ ప్యాకెట్ కింద పెట్టేస్తాను. మా ప్యాకెట్ మీద ఆ మాట లేదు, అది మెచ్చుకోవాలి. పూత మొదలవగానే ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన చూపి మగ రెక్కలపురుగుల్ని పట్టేవి) కట్టాం. వరసగా మూడు రాత్రులు బుట్టకి ఎనిమిది రెక్కలపురుగులు పడితే మందు కొట్టాలని లెక్క. అక్టోబరు మొదట్లో ఆ లెక్క దాటింది. రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకుపోయే గుడ్డి పూలు కనబడితే కోసి కవర్లో వేసి కాల్చేశాం. నవంబరులో ఇరవై పచ్చికాయలు కోసి చూస్తే అయిదింట్లో పురుగు ఉంది. పదింటికి ఒకటి దాటితేనే ప్రమాదం, ఇది ఇంకా ఎక్కువ.

ఇక్కడే ఈ విత్తనం మంచితనం ఒకటి చెప్పాలి. పంటకాలం తక్కువ. ప్యాకెట్ మీద 150 నుంచి 160 రోజులని ఉంది, మాకు నిజంగానే డిసెంబరు పదిహేనుకల్లా మూడు తీతలూ అయిపోయాయి. కాపు ఒక్కసారిగా వచ్చింది, విడతలు విడతలుగా సాగలేదు. గులాబీ పురుగుకి మందుకన్నా ఇదే మందు: అది బలపడే వేళకి చేలో కాయ ఉండకూడదు. జనవరి మొదటి వారానికి కట్టె పీకించేశాం. గట్టు అవతల వాళ్ళు నీళ్ళు కట్టి మార్చి దాకా ఉంచారు, ఇంకో రెండు క్వింటాళ్ళ ఆశతో. ఆ పురుగంతా వచ్చే ఏడాది ఎవరి చేలోకి పోతుందో వేరే చెప్పాలా.

తెగుళ్ళ విషయంలో ఈ విత్తనానికి నేను గట్టిగా మంచి మార్కులు వేయలేను, చెడ్డవీ వేయలేను. అక్టోబరు వానలకి అడుగు ఆకుల మీద నూనె చుక్కల్లా మొదలై, ఈనెల మధ్య మూలలు తిరిగిన మచ్చలు వచ్చాయి. నల్లమచ్చ తెగులు అది. పైకి ఎగబాకలేదు, అడుగున నాలుగైదు ఆకులతో ఆగిపోయింది. నీళ్ళు నిలిచిన మూలన ముప్పై నలభై మొక్కలు ఒక్కరోజులో వడలిపోయాయి. మొదళ్ళలో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి మూడు గ్రాములు కలిపి పోశాం, సగం తేరుకున్నాయి. నీళ్ళు నిలవడం మా కాలవ తప్పు, విత్తనం మీదికి నెట్టను. ఆకులు ఎర్రబడితే తెగులు అని వీడియోలు పెడుతున్నారు, మాకూ ఎర్రబడ్డాయి. మెగ్నీషియం సల్ఫేటు లీటరుకి పది గ్రాములు రెండుసార్లు కొడితే కొత్త ఆకు పచ్చగా వచ్చింది. ఇంకొకటి, తామర పురుగు మోసుకొచ్చే పొగాకు చార వైరస్‌కి 'తట్టుకునే రకం' అని ఎవరైనా అమ్మితే నమ్మకముందు మీ గట్టు మీద వయ్యారిభామ కలుపు పీకండి. ఆ వైరస్ దాని పుప్పొడిలోనే కూర్చుని ఉంటుంది. 2000లో అనంతపురం వేరుశనగని ముంచింది అదే.

ఇక కాయ. కొట్టాయన చూడమన్న కాయ.

ప్యాకెట్ మీద 'కాయ బరువు 6 గ్రాములు'. మొదటి తీతలో ఇరవై కాయల దూది తీసి కిరాణా కాటాలో తూచాను: 98 గ్రాములు. కాయకి అయిదుకి కొంచెం తక్కువ. చివరి తీతలో అదే ఇరవైకి 70. ఆరు ఎక్కడా కనబడలేదు, బొమ్మ తీసిన ఒక్క కాయకి ఉందేమో. ఇందులో ఏముంది ఒక గ్రామే కదా అనుకుంటారు కాటా పక్కన నిలబడేవాళ్ళు. పత్తి తీసేవాళ్ళని అడగండి. రోజుకి నలభై కిలోలు తీసే మనిషి మొదటి తీతలో ఎనిమిది వేల కాయలకి చెయ్యి పెడితే, చివరి తీతలో అదే నలభైకి పదకొండు వేలు దాటాలి. కిలోకి పన్నెండు రూపాయలతో మొదలైన కూలి చివరికి పదిహేను అయింది, అయినా రామన్నారు. రాకపోవడం న్యాయమే.

'తీతకు సులువు' అన్న మాట మాత్రం నిజం, దీన్ని పుట్టించినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. కాయ నాలుగు పాయలుగా పూర్తిగా వెనక్కి విచ్చుకుంటుంది, మూడు వేళ్ళు పెడితే నాలుగు పాయల దూదీ ఒక్క లాగుకి వస్తుంది. కొన్ని రకాలు సగమే నోరు తెరుస్తాయి, అడుగు పాయలో గింజ ఉండిపోతుంది, దాని కోసం వేలు దించితే డొప్ప కొనలు గోటి పక్కన దిగబడతాయి. పది రోజులు అన్నం కలుపుకోవాలంటే ఉప్పు మంట. ఈసారి మా కూలీల్లో ఒక్కరూ వేళ్ళకి గుడ్డ చుట్టుకోలేదు. పైగా విచ్చాక దూది వేలాడి నేల మీద పడలేదు, రెండు జల్లులకీ డొప్పని పట్టుకునే ఉంది. కాయ కింది రక్షక పత్రాలు మాత్రం ఎండి పొడి పొడిగా దూదిలో కలుస్తున్నాయి, నాకైతే మొదటి రోజంతా అవి ఏరడమే సరిపోయింది.

నాలుగెకరాలకి 34 క్వింటాళ్ళు. పింజ పొడుగు రకంలోనే పడింది, అంటే ఆ 2025-26 సీజనుకి మద్దతు ధర 8,110. మధ్యరకం పింజ అయి ఉంటే 7,710. క్వింటాలుకి నాలుగు వందల తేడా. అది విత్తనంలోనే నిర్ణయమైపోయి వచ్చేది, మనం ఎంత ఎరువు వేసినా పింజని పెద్దగా పొడుగు చేయలేం. మొదటి లాటు తేమ పద్నాలుగు శాతం చూపిస్తే ఇంటికి తెచ్చి రెండు రోజులు మిద్దె మీద ఆరబోశాం. పన్నెండు దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు.

ఐదుకి మూడున్నర వేస్తా. నూగు, పంటకాలం, తీతకి కలిపి మూడు. పింజకి ఒకటి. పోయింది సెల్ఫ్‌లకి అర. ఆరు గ్రాముల అబద్ధానికి ఏమీ తగ్గించలేదు, అది అందరూ రాసేదే.

ఈ జూన్‌కి ఎనిమిదింట్లో అయిదు ప్యాకెట్లు ఇదే తెచ్చుకుంటాం. మిగతా మూడు నున్నటాకు రకం, బోరు నీళ్ళు సరిగా అందని, ముందుగా బెట్టకొచ్చే పడమటి చెక్కకి, బెట్టకి దిగేది తెల్లదోమే కదా. ఆ రకం పేరు కొట్టులో అడగలేదు. ఆగస్టులో కోసిగి దారిలో ఒక చేనుగట్టు మీద దిగి, ఆకు తిప్పి చూసి, ఆ రైతుని అడిగి ఖాళీ ప్యాకెట్ తెచ్చుకున్నాను. పాసుపుస్తకంలో మడిచి పెట్టాను.